మూతపడని తలుపు

మన పూర్వులు కడుపులో నిప్పు ఉన్నదని నమ్మినారు. దానికి జఠరాగ్ని అని పేరు పెట్టి, తిన్న అన్నం ఆ అగ్నిలో పక్వమై శరీరానికి బలమవుతున్నదని చెప్పినారు. వాతాపిని అరిగించుకొన్న అగస్త్యుని కథ విని పెరిగిన మనకు ఆ భావన కొత్తది కాదు. దానిని కేవలం కవిసమయమని తోసివేయడానికి కూడా వీలు లేదు. 1824లో విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు జఠరరసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నదని నిరూపించి ప్రకటించినాడు. లోహాన్ని సైతం తినివేయగల ఆమ్లం ఒక మెత్తని మాంసపు సంచిలో, మనకు తెలియకుండానే, పూటపూటకూ ఊరుతున్నదన్నమాట.

నిప్పు ఉండడం వింత కాదు; ఆ నిప్పును మోస్తున్న కుండ కాలిపోకపోవడమే వింత. జీర్ణాశయపు లోపలిగోడను దట్టమైన జిగురుపొర కప్పి ఉంటుంది. ఆ పొర అడుగున క్షారగుణం గల ద్రవం ఊరుతూ, గోడను తాకవచ్చిన ఆమ్లాన్ని విరిచివేస్తుంది. పాడైన కణాల చోట కొత్త కణాలు కొద్దిరోజులలోనే పుట్టుకొని వస్తాయి. కాని జీర్ణాశయానికి పైనున్న ఆహారవాహికకు ఇట్టి కవచం లేదు. సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల ఆ గొట్టం అన్నాన్ని కిందికి జార్చడానికి ఏర్పడినదే గాని, ఆమ్లాన్ని భరించడానికి ఏర్పడినది కాదు. వంటయింటికీ పడకగదికీ నడుమ తలుపు ఉన్నట్టు ఈ రెండింటి నడుమ కూడా ఒక తలుపు ఉన్నది. అది సరిగా మూతపడినంతకాలం అట్టిది ఒకటి ఉన్న సంగతే మనకు తెలియదు. మూతపడని నాడు మరొక సంగతి తోచదు.

చెడిన ఆ తలుపును మళ్ళీ మూతపడేటట్లు చేయడానికి గత శతాబ్దంలో శస్త్రవైద్యులు ఒక ఉపాయం కనిపెట్టినారు. పైకి చూస్తే అది కత్తి నేర్పుకు సంబంధించిన కథ. నిదానించి చూస్తే అది చూపుకు సంబంధించిన కథ. కోయకముందు రోగిని ఎంత శ్రద్ధగా చూచినారు, కోసిన తరువాత ఎన్ని ఏళ్ళు వెనుదిరిగి చూచినారు అన్న రెండు ప్రశ్నల మీదనే ఈ చికిత్స జయాపజయాలు ఆధారపడినవి. ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ కథను చెప్పదలచుకోవడానికి అదే కారణం.

పేర్లలోని తికమక

పులితేన్పు, గుండెమంట, గొంతులోకి పుల్లనీళ్ళు రావడం - ఇవి మన ఇండ్లలో అందరికీ తెలిసిన మాటలు. మాధవనిదానం ఆమ్లపిత్తమనే వ్యాధిని చెప్పి, దానిని పైకి పోయేదనీ కిందికి పోయేదనీ రెండు విధాలుగా విభజించినది. ఆ ఊర్ధ్వగమైన ఆమ్లపిత్తమూ, నేటి వైద్యులు చెప్పే ఆమ్ల విలోమ ప్రవాహమూ అక్షరాలా ఒకటేనని అనడం తొందరపాటు. అయినప్పటికీ, కిందికి పోవలసినది పైకి వస్తున్నదన్న పరిశీలన మనవారికి ఏనాడో ఉన్నదని మాత్రం చెప్పవచ్చు.

గుండెమంట అన్న మాటలో గుండె దోషమేమీ లేదు. ఆహారవాహిక గుండె వెనుకగా దిగివస్తుంది. అక్కడ పుట్టిన మంటను మనస్సు రొమ్ముఎముక వెనుక ఎక్కడో గుర్తిస్తుంది. పేరులోని ఈ తికమక ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. రొమ్ములో బరువుగా నొక్కినట్టుండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకినప్పుడు అది గ్యాసు అనుకొని సోడా తాగి పడుకోరాదు. అది గుండెపోటు కావచ్చు. మొదట ఆస్పత్రికి పోవాలి. పేరు తరువాత పెట్టుకోవచ్చు.

తలుపు నిర్మాణం

ఇక ఆ తలుపు ఎట్లా ఉంటుందో చూద్దాం. అది తలుపురెక్క కాదు, కీలు కాదు. ఆహారవాహిక చివర మూడు నాలుగు సెంటీమీటర్ల మేర కండరం ఎప్పుడూ బిగుసుకొని ఉంటుంది. దీనిని సంవరణీ కండరమంటారు. మనం ముద్ద మింగినప్పుడు అది సడలి దారి ఇచ్చి, వెంటనే బిగుసుకొంటుంది. ఇది మొదటి కాపు. రొమ్మునూ పొట్టనూ వేరుచేసే ఉదరవితానంలో ఒక రంధ్రం ఉన్నది. దానిగుండానే ఆహారవాహిక కిందికి దిగుతుంది. ఆ రంధ్రపు అంచులలోని కండరపు పట్టెలు బయటినుండి గొట్టాన్ని పట్టి ఉంచుతాయి. ఇది రెండవ కాపు. ఆహారవాహిక జీర్ణాశయంలోకి తిన్నగా గాక ఏటవాలుగా ప్రవేశిస్తుంది. అందువలన జీర్ణాశయం నిండినప్పుడు దాని పైభాగం ఉబ్బి గొట్టపు చివరను పక్కకు నొక్కుతుంది. ఇది మూడవ కాపు.

ఈ మూడు కాపులూ ఉన్నవారికి కూడా అప్పుడప్పుడు కొంత ఆమ్లం పైకి వస్తూనే ఉంటుంది. కడుపులోని గాలి తేన్పుగా బయటికి పోవాలంటే తలుపు క్షణకాలం తెరుచుకోక తప్పదు. ఆరోగ్యవంతునిలో ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని ఆహారవాహిక మళ్ళీ కిందికి నెట్టివేస్తుంది. మింగిన ఉమ్మి మిగిలినదానిని కడిగివేస్తుంది. సడలడం మరీ తరచైనప్పుడు, కండరం బలహీనపడినప్పుడు, ఉదరవితానపు రంధ్రం వెడల్పై జీర్ణాశయపు పైభాగం రొమ్ములోకి జారినప్పుడు ఇది వ్యాధి అవుతుంది. ఈ జారుపాటుకు హయాటస్ హెర్నియా అని పేరు. స్థూలకాయం, గర్భధారణ, పొగతాగడం, రాత్రి పొద్దుపోయిన తరువాత కడుపునిండా తిని వెంటనే పడుకోవడం - ఇవన్నీ ఆ తలుపు మీద బరువు మోపేవే.

దీర్ఘకాలం ఆమ్లం తగిలిన ఆహారవాహిక ఎర్రబారి పుండ్లు పడుతుంది. పుండు మానినచోట మచ్చ కట్టి, గొట్టం ఇరుకై, ముద్ద దిగడం కష్టమవుతుంది. మరికొందరిలో ఆహారవాహిక తన సహజమైన లోపలిపొరను విడిచి, పేగులోని పొరవంటి పొరను తొడుక్కొంటుంది. 1950లో ఈ భాగపు పుండ్లను గురించి వ్రాసిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ పేరే ఆ మార్పుకు నిలిచినది. దానిని పొందినవారిలో కొద్దిమందికి మాత్రమే ముందుముందు క్యాన్సర్ వస్తుంది. అయినా ఆ కొద్దిమంది ఎవరో ముందుగా తెలియదు గనుక, వైద్యులు వారినందరినీ కనిపెట్టి చూస్తుంటారు.

ఒక ప్రవాసి

ఈ శస్త్రచికిత్సకు ఆద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్. ఆయన 1896లో నాటి జర్మనీలోని సైలీషియా ప్రాంతంలో, నైసె పట్టణంలో, యూదు కుటుంబంలో పుట్టినాడు. ఆ కాలపు జర్మన్ శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ వద్ద శిష్యరికం చేసినాడు. 1931లో బెర్లిన్‌లో ఒక 12 ఏళ్ళ బాలికకు వ్యాధిగ్రస్తమైన ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసివేసి ఆమెను బతికించినాడు. అంతవరకు అట్టి సాహసం చేసి రోగిని దక్కించుకొన్నవారు లేరు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 35 సంవత్సరాలు.

రెండేళ్ళు తిరిగేసరికి జర్మనీలో నాజీలు అధికారానికి వచ్చినారు. యూదులను విశ్వవిద్యాలయాలనుండీ ఆస్పత్రులనుండీ తొలగించడం మొదలైనది. 1933లో నిస్సెన్ పుట్టిన దేశాన్ని విడిచిపెట్టినాడు. అదే సంవత్సరం తుర్కీ దేశాధిపతి కెమాల్ అతాతుర్క్ ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాన్ని కొత్తరీతిలో పునర్నిర్మిస్తూ, జర్మనీ వెళ్ళగొట్టిన పండితులకు స్వాగతం పలికినాడు. నిస్సెన్ అక్కడ శస్త్రవైద్యశాఖకు ఆచార్యుడైనాడు.

ఇస్తాంబుల్‌లో, 1930ల మధ్యకాలంలో, ఆయన వద్దకు ఒక రోగి వచ్చినాడు. ఆహారవాహిక చివర లోతైన పుండు. పుండు పట్టిన భాగాన్ని కోసివేసి, మిగిలిన గొట్టాన్ని జీర్ణాశయానికి అతికించడం తప్ప దారి లేదు. ఆ రోజులలో ఇట్టి అతుకులు విడిపోవడమంటే రోగి మరణించడమే. అతుకును కాపాడడానికి నిస్సెన్ ఒక జాగ్రత్త తీసుకొన్నాడు. జీర్ణాశయపు గోడను మడతలుగా పైకి తెచ్చి, అతుకు చుట్టూ కప్పి కుట్టినాడు. ఆయన ఉద్దేశం కుట్లు కారకుండా చూడడమే. అంతకుమించి ఆయన మరేదీ ఆశించలేదు.

రోగి బతికినాడు. ఇట్లా తలుపును పూర్తిగా కోసివేసిన రోగులకు ఆమ్లం ఎగదన్ని మంట పుట్టడం సాధారణం. ఇతనికి మాత్రం ఏళ్ళు గడిచినా మంట లేదు. ఇంకొకరైతే దానిని రోగి అదృష్టమనుకొని మరచిపోయేవారు. నిస్సెన్ మరచిపోలేదు. అతుకును కాపాడడానికి కప్పిన మడతే తలుపు పని కూడా చేస్తున్నదా అన్న ప్రశ్నను ఆయన మనస్సులో భద్రపరచుకొన్నాడు. ఆ ప్రశ్న ఫలించడానికి సుమారు 20 ఏళ్ళు పట్టినది.

ఈలోగా 1939లో ఆయన అమెరికా చేరినాడు. మరొక దేశం, మరొక భాష, మళ్ళీ మొదటినుండి పరీక్షలు. తరువాత న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ఆస్పత్రులలో పనిచేస్తూ, 1948 డిసెంబరులో ఆయన తనవంటి మరొక ప్రవాసికి శస్త్రచికిత్స చేసినాడు. ఆ రోగి ఆల్బర్ట్ ఐన్‌స్టైన్. పొట్టలోని మహాధమని ఉబ్బి, ఎప్పుడు పగులుతుందో తెలియని స్థితిలో ఉన్నది. ఆ ధమనిని మార్చే విద్య అప్పటికి ఇంకా రాలేదు. నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితాన్ని చుట్టినాడు. అది తగిలినచోట కణజాలం గట్టిపడి గోడకు బలం చేకూరుతుందని ఆనాటి వైద్యుల నమ్మకం. ఐన్‌స్టైన్ ఆ తరువాత ఆరేళ్ళకు పైగా జీవించి, 1955 ఏప్రిల్‌లో ఆ ధమని పగలడం వలననే కన్నుమూసినాడు.

మెడకు కండువా

యుద్ధానంతరం శస్త్రవైద్యుల దృష్టి హెర్నియా మీద నిలిచినది. 1951లో బ్రిటన్‌కు చెందిన ఫిలిప్ ఆలిసన్, జారిన జీర్ణాశయానికీ ఎగదన్నే ఆమ్లానికీ గల సంబంధాన్ని స్పష్టంగా వివరించి, జారినదానిని స్వస్థానానికి దించి రంధ్రాన్ని బిగించే పద్ధతిని ప్రకటించినాడు. అది సహజంగానూ సుబోధంగానూ కనిపించినది. చాలామంది ఆ మార్గాన నడిచినారు.

నిస్సెన్ 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1955లో, వెనుకటి ఇస్తాంబుల్ రోగిని తలచుకొని, ఆమ్లబాధ తప్ప వేరు జబ్బులేని రోగులకు ఆ మడతను ప్రయోగించినాడు. 1956లో ఇద్దరు రోగుల వృత్తాంతాన్ని స్విస్ వైద్యపత్రికలో ప్రచురించినాడు. రెండు దశాబ్దాల ఆలోచన అట్లా కొద్ది పుటలలో బయటికి వచ్చినది.

ఆ పద్ధతిని మనకు పరిచయమైన వస్తువుతో చెప్పవచ్చు. జీర్ణాశయపు పైభాగం గుమ్మటంవలె ఉంటుంది. దానిని పక్కనున్న బంధనాలనుండి విడదీసి, ఆహారవాహిక వెనుకగా లాగి, ముందువైపుకు తెచ్చి, రెండు అంచులనూ కలిపి కుట్టుతారు. మెడ చుట్టూ కండువా వేసుకొని ముందు కలిపినట్టే. దీనిని ఫండోప్లికేషన్ అంటారు. ఫండస్ అంటే ఆ గుమ్మటం; ప్లికా అంటే లాటిన్‌లో మడత. ఇప్పుడు దానితోపాటు ఉదరవితానపు రంధ్రాన్ని కూడా తగినంత బిగించుతారు.

ఇందులోని చమత్కారమంతా ఒక్క విషయంలో ఉన్నది. కడుపు నిండి లోపలి ఒత్తిడి పెరిగినప్పుడు ఆమ్లం పైకి రావాలని చూస్తుంది. అదే ఒత్తిడి కండువాగా చుట్టిన భాగంలోకి కూడా ప్రసరించి, దానిని ఉబ్బించి, ఆహారవాహికను నొక్కుతుంది. తోసేవాని బలమే తలుపు గడియ అవుతున్నదన్నమాట. బయటి వస్తువు ఏదీ లేకుండా, శరీరంలోని భాగంతోనే శరీరపు లోపాన్ని పూరించిన ఉపాయమిది.

బిగువు - వదులు

అయితే ముడి వేయడం వేరు, ఎంత బిగువుగా వేయాలో తెలియడం వేరు. మొదటి కాలంలో కండువా పొడవుగానూ బిగువుగానూ ఉండేది. ఆమ్లం ఆగిపోయినది, దానితోపాటు తేన్పు కూడా ఆగిపోయినది. ముద్ద గొంతు దిగక కొందరు, కడుపులోని గాలి పైకి రాక పొట్ట తప్పెటలాగా ఉబ్బి మరికొందరు బాధపడినారు. వాంతి వచ్చినా చేసుకోలేని స్థితి కొందరిది. మంటకు బదులు మరొక బాధను కొనితెచ్చుకొన్నట్టయినది.

వైద్యులు మళ్ళీ తమ రోగులవైపు చూచినారు. 1962లో ఫ్రాన్సు దేశస్థుడు జాక్ డోర్ ఆహారవాహిక ముందుభాగాన్ని మాత్రమే కప్పే సగం చుట్టునూ, 1963లో అదే దేశానికి చెందిన ఆంద్రే తూపే వెనుకభాగాన్ని కప్పి ముందు కొంత ఖాళీ వదిలే చుట్టునూ ప్రతిపాదించినారు. 1970లలో అమెరికా శస్త్రవైద్యులు పూర్తి చుట్టునే వదులుగా వేయడం నేర్చుకొన్నారు. 1986లో టామ్ డిమీస్టర్ తాను చికిత్స చేసిన 100 మంది రోగుల అనుభవాన్ని పరిశీలించి, చుట్టును పొట్టి చేసి, కుట్టే వేళ ఆహారవాహికలో లావుపాటి గొట్టాన్ని ఉంచి దాని కొలతకు కుట్టినట్లయితే మింగుడు బాధ తగ్గుతుందని చూపినాడు. నేడు ఆ చుట్టును సాధారణంగా రెండు సెంటీమీటర్లకు మించనివ్వరు. వీణ తీగను గురించి మనవారు చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది. మరీ బిగిస్తే తెగుతుంది. మరీ వదిలితే పలకదు.

ఈ సందర్భంలో ఆలిసన్‌ను తలచుకోకుండా ముందుకు పోరాదు. తన పద్ధతికి లోకమంతటా పేరు వచ్చిన తరువాత, ఆయన సుమారు 20 ఏళ్ళనాటి తన రోగులను మళ్ళీ పరీక్షించి, 1973లో ఫలితాలను ప్రకటించినాడు. దాదాపు సగం మందిలో ఆమ్లం మళ్ళీ ఎగదన్నుతున్నదని ఆ ఫలితాలు తెలిపినవి. తన పేరు మీద నడిచే పద్ధతి లోపాన్ని తన చేతితోనే వ్రాసిపెట్టినాడు. నిస్సెన్ వెనుదిరిగి చూచి ఒక వరాన్ని కనుగొన్నాడు. ఆలిసన్ వెనుదిరిగి చూచి ఒక వైఫల్యాన్ని కనుగొన్నాడు. శాస్త్రానికి ఇద్దరూ చేసిన ఉపకారం సమానమే. దిద్దిన జవాబుపత్రాలను మరల తిరగవేసి, తన బోధనలో లోపమెక్కడ ఉన్నదో వెదకుకొనే ఉపాధ్యాయునికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మందు - కత్తి

ఈ శస్త్రచికిత్స కుదుటపడుతున్న కాలంలోనే మందులు దానిని దాటిపోయినవి. 1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ అమ్మకానికి వచ్చినది. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఆ మందును రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానం లభించినది. అదే 1988లో అంతకంటె బలమైన ఒమెప్రజోల్ స్వీడన్‌నుండి వచ్చినది. ఆమ్లాన్ని ఊర్చే కణాలలోని పంపులనే ఇది కట్టివేస్తుంది. ఒక మాత్రతో పోయే బాధకు పొట్ట కోయించుకొనేవారెవరు?

అప్పుడే కోత కూడా చిన్నదైనది. 1991లో బెల్జియంలోని లియేజ్ నగరానికి చెందిన బెర్నార్ డల్‌మాన్ తన సహచరులతో కలిసి, పొట్టను తెరవకుండా, నాలుగైదు చిన్న రంధ్రాలగుండా కెమెరానూ పనిముట్లనూ పంపి నిస్సెన్ ముడిని వేసిన వృత్తాంతాన్ని ప్రచురించినాడు. దీనినే లాపరోస్కోపీ పద్ధతి అంటారు. వారాలతరబడి మంచాన ఉండవలసిన రోగి కొద్దిరోజులలోనే ఇంటికి పోగలుగుతున్నాడు. దానితో ఈ చికిత్సకు మళ్ళీ ప్రాణం వచ్చినది.

మందు మేలా, కత్తి మేలా? ఐరోపాలో 554 మంది రోగులను రెండు జట్లుగా విభజించి, అయిదేళ్ళు గమనించి, 2011లో ఫలితాలను ప్రకటించినారు. మందు వాడినవారిలో 92 శాతం, శస్త్రచికిత్స పొందినవారిలో 85 శాతం వ్యాధి అదుపులో ఉన్నది. గొంతులోకి పుల్లనీళ్ళు రావడం మందు జట్టులో 13 శాతం ఉండగా, శస్త్రచికిత్స జట్టులో 2 శాతమే. మింగుడు బాధ మాత్రం మందు జట్టులో 5 శాతం, రెండవ జట్టులో 11 శాతం. కడుపుబ్బరం కూడా శస్త్రచికిత్స పొందినవారిలోనే ఎక్కువ. మందు ఆమ్లపు పదునును తగ్గిస్తుంది గాని తలుపును బాగుచేయదు. ముడి తలుపును బాగుచేస్తుంది గాని తన సుంకం తాను వసూలు చేసుకొంటుంది. రెండింటికీ లాభనష్టాలు ఉన్నవని ఈ అంకెలు చెబుతున్నవి.

అసలు ప్రశ్న

కాబట్టి ప్రశ్నను మార్చి అడగాలి. ఏది మేలు అని గాక, ఎవరికి ఏది మేలు అని అడగాలి. 2019లో ప్రకటితమైన ఒక అమెరికా అధ్యయనం దీనికి చక్కని సమాధానం ఇచ్చినది. అక్కడి మాజీ సైనికుల ఆస్పత్రులలో, మందులు వాడినా గుండెమంట తగ్గని 366 మందిని తీసుకొన్నారు. ఇంతమందికీ కత్తే శరణ్యమని ఎవరికైనా తోస్తుంది. వైద్యులు తొందరపడలేదు.

మొదట రెండు వారాలపాటు ఒమెప్రజోల్‌ను సరియైన పద్ధతిలో, అంటే రెండు పూటలా భోజనానికి సుమారు అరగంట ముందు, వాడించినారు. ఆ మాత్రానికే 42 మందికి బాధ తగ్గిపోయినది. వారు ఇన్నాళ్ళూ మందు తిన్నారు గాని వేళకు తినలేదు. మిగిలినవారికి ఎండోస్కోపీతో ఆహారవాహికను చూచి, లోపలి ఒత్తిడిని కొలిచి, ఆమ్లం ఎంతసేపు పైకి వస్తున్నదో 24 గంటలపాటు లెక్కగట్టినారు. 23 మందికి ఆహారవాహికకు సంబంధించిన వేరే జబ్బులు బయటపడినవి. 99 మందికి మంట ఉన్నది గాని, దానికి కారణమని చెప్పదగిన ఆమ్లప్రవాహం లేదు. వేరు కారణాల వలన ఇంకా కొందరు తప్పుకోగా, చివరకు మిగిలినవారు 78 మంది. వారిని మూడు జట్లు చేసినారు. శస్త్రచికిత్స పొందిన జట్టులో 67 శాతం మందికి గుణం కనిపించినది. అదనపు మందులు వాడిన జట్టులో 28 శాతం, ఒమెప్రజోల్‌కు తోడు ఉత్తుత్తి మాత్రలు వాడిన జట్టులో 12 శాతం.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవాలి. తగినవానికి చేసినప్పుడు ఈ ముడి మందుకంటె ఎంతో మేలు చేస్తుంది. అది మొదటి పాఠం. తగినవాడని తేలినది మాత్రం అయిదుగురిలో ఒకరికంటె కొంచెం ఎక్కువమందే. అది రెండవ పాఠం. పరీక్షలు లేకుండా అందరికీ కోసి ఉంటే, ఆమ్లమే లేని 99 మందికి కూడా లేని తలుపు పాటుకు ముడి పడేది. మంట అట్లాగే ఉండి, మింగుడు బాధ అదనంగా చేరేది.

అందువలన శస్త్రచికిత్స ఎవరికి తగునో ఇప్పుడు కొంత స్పష్టంగా చెప్పవచ్చు. ఆమ్లం పైకి వస్తున్నదని పరీక్షలలో రుజువు కావాలి. మింగే కండరాల కదలిక సరిగా ఉన్నదని తేలాలి. ఆ కదలికే లేని అకలేసియా వంటి జబ్బును ఆమ్లబాధగా పొరబడి బిగువైన ముడి వేస్తే ముద్ద దిగే దారి మూసినట్టే. మందులు సరిగా వాడినా పుల్లనీళ్ళు గొంతులోకి వస్తున్నవారు, పెద్ద హెర్నియా ఉన్నవారు, మందులు పడనివారు, జీవితమంతా మాత్రల మీద ఆధారపడడానికి ఇష్టపడనివారు దీనికి అర్హులు. మందుతో కొంత గుణం కనిపించినవారికే శస్త్రచికిత్స కూడా బాగా ఫలించడం వైద్యుల సాధారణ అనుభవం. గొంతు బొంగురు, విడవని దగ్గు మాత్రమే ఉన్నవారి విషయంలో ఫలితాన్ని ముందుగా చెప్పడం కష్టం. పాఠాలు చెప్పి చెప్పి గొంతు రాచుకొనిపోయే ఉపాధ్యాయులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ప్రతి బొంగురుకూ ఆమ్లం కారణం కాదు.

శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలు మెత్తని ఆహారం తినాలి. ముద్ద చిన్నది కావాలి, నమలడం ఎక్కువ కావాలి. మొదట్లో ముద్ద దిగడం కొంత కష్టమైనా, వాపు తీసిన కొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. కొందరిలో ఏళ్ళ తరువాత ముడి సడలుతుంది, లేదా పైకి జారుతుంది. వారు తిరిగి మాత్రలు వాడవలసి రావచ్చు. కొద్దిమందికి రెండవసారి కోయవలసి రావచ్చు. ఇది శాశ్వతమైన వరమని చెప్పేవారి మాటనూ, ఇది ప్రాణాంతకమని బెదరించేవారి మాటనూ సమానంగా పక్కన పెట్టవలసి ఉన్నది.

చాలామందికి ఇంతదూరం రావలసిన పనే ఉండదు. బరువు తగ్గించుకోవడం, పొగ మానడం, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించడం, మంచపు తలవైపు కాళ్ళ కింద దిమ్మెలు పెట్టి ఎత్తు చేసుకోవడం - ఇవే చాలామందికి సగం వైద్యం. కాని ముద్ద అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, వాంతిలో నెత్తురు పడినా, మలం నల్లగా వచ్చినా ఇంటివైద్యంతో కాలక్షేపం చేయరాదు. సోడాపొడి మంటను ఆర్పినంత సులభంగా అనుమానాన్ని కూడా ఆర్పివేస్తుంది. దానివలన వచ్చే ప్రమాదం అదే.

నిస్సెన్ 1967 వరకు బాసెల్‌లో ఆచార్యత్వం నెరపి, 1969లో తన ఆత్మకథను ప్రచురించినాడు. వెలుగు పుటలు, చీకటి పుటలు అని దాని పేరుకు అర్థం. 1981లో మరణించేనాటికి ఆయన పేరు దేశదేశాల శస్త్రవైద్యుల నోట నిలిచి ఉన్నది. ఆయన వేసిన ముడి పొడవు మారినది, బిగువు మారినది, వేసే విధానం మారినది. మారకుండా నిలిచినది మాత్రం ఆ ముడికి పుట్టుకనిచ్చిన గుణం. బాగుపడి వెళ్ళిపోయిన రోగిని మరచిపోకుండా, అతడు ఎందుకు బాగుపడినాడని ఏళ్ళతరబడి ఆలోచించగలగడం ఆ గుణం. ఓడిపోయినచోట కారణం వెదకడం అందరూ చేస్తారు. గెలిచినచోట కూడా కారణం వెదకగలిగినవాడే విద్యకు కొత్త పుట చేర్చుతాడు.